ఘాట్ ఎక్కుతుంటే బండి లాగట్లేదా? టర్బో బూస్ట్ పెంచకండి.. ముందు పెట్రోల్ సరిగ్గా అందుతోందో లేదో చూడండి!

నర్సీపట్నం: ఊళ్లో తిరిగినంతసేపూ కారు సూపర్. తుని రోడ్డు మీద కూడా ఓకే. కానీ చింతపల్లి వైపు తిప్పి, డౌనూరు దాటి లంబసింగి ఘాట్ ఎక్కడం మొదలుపెట్టగానే సీన్ మారిపోతుంది. యాక్సిలరేటర్ నొక్కితే ముందుకు దూకాల్సిన బండి ఒక్కసారిగా జర్కులు ఇస్తుంది. కాలు తీస్తే మళ్లీ మామూలే. మళ్లీ నొక్కితే మళ్లీ జర్కు. కంపెనీ ఇవ్వని టర్బోను బయట కొని, ఇంటి దగ్గరో తెలిసిన షెడ్డులోనో బిగించుకున్న కార్లలో ఎక్కువగా వినిపించే కంప్లైంట్ ఇదే.

ఇలాంటప్పుడు చాలామంది చేసే మొదటి పని టర్బోను అనుమానించడం. 'బూస్ట్ సరిపోవట్లేదేమో, ఇంకొంచెం పెంచుదాం' అంటారు. సరిగ్గా ఇక్కడే ఇంజిన్ పోతుంది. ఎందుకంటే చాలా సందర్భాల్లో అసలు సమస్య గాలి తక్కువ కావడం కాదు. వచ్చిన గాలికి సరిపడా పెట్రోల్ అందకపోవడం. ఆ స్థితిలో గాలి ఇంకా పెంచితే పిస్టన్ కరిగిపోయే ప్రమాదం ఉంది.

మరి లోపం పంపులో ఉందా, ఫిల్టర్‌లోనా, వైరింగ్‌లోనా, ఇంజెక్టర్‌లోనా? ఏది ముందు చూడాలి, ఎలా పట్టుకోవాలి? వివరంగా తెలుసుకుందాం.

టర్బో పెడితే పెట్రోల్ ఎందుకు చాలదు?

టర్బో చేసే పని సింపుల్. సైలెన్సర్ వైపు పోయే వేడి పొగతో ఒక చక్రం తిరుగుతుంది. అదే ఇరుసు మీద రెండో వైపు ఉన్న ఇంకో చక్రం బయటి గాలిని పీల్చి, ఒత్తిడి పెంచి ఇంజిన్‌లోకి తోస్తుంది. మామూలు ఇంజిన్ గాలిని పీల్చుకుంటుంది. టర్బో ఇంజిన్‌కు గాలిని కుక్కి పెడతారు.

సముద్ర మట్టం దగ్గర గాలి ఒత్తిడి సుమారు 1 బార్. దానికి టర్బో ఇంకో 0.5 బార్ కలిపితే సిలిండర్‌లోకి దాదాపు ఒకటిన్నర రెట్లు గాలి వెళ్తుంది. గాలి వేడెక్కడం వల్ల లెక్క కొంచెం తగ్గినా, పెట్రోల్ కూడా ఇంచుమించు అదే నిష్పత్తిలో పెరగాలి. నిజానికి అంతకంటే కాస్త ఎక్కువే కావాలి.

మామూలుగా నడిచేటప్పుడు 1 కిలో పెట్రోల్‌కు 14.7 కిలోల గాలి సరిపోతుంది. టర్బో ఫుల్‌గా పని చేస్తున్నప్పుడు మాత్రం 1 కిలో పెట్రోల్‌కు 11.5 నుంచి 12 కిలోల గాలి ఉండేలా మిశ్రమాన్ని చిక్కగా ఉంచుతారు. ఆ అదనపు పెట్రోల్ వృథా కాదు. ఆవిరయ్యేటప్పుడు అది సిలిండర్‌ను చల్లబరుస్తుంది. అది తగ్గితే మంట వేడి పెరుగుతుంది, ఇంజిన్‌లో టకటకమనే నాకింగ్ మొదలవుతుంది. అలా కాసేపు సాగితే స్పార్క్ ప్లగ్ మొన, వాల్వ్, పిస్టన్ ఒకదాని వెంట ఒకటి దెబ్బతింటాయి.

కంపెనీలు టర్బో పెట్రోల్ కారు తయారు చేసేటప్పుడు టర్బో ఒక్కటే పెట్టి వదిలేయవు. ఇంజెక్టర్లు, పంపు, పిస్టన్లు, గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్, ఈసీయూ ప్రోగ్రామ్.. అన్నీ దానికి తగ్గట్టే డిజైన్ చేస్తాయి. ఇంటి దగ్గర బిగించిన కార్లలో టర్బో కొత్తది, ఫ్యూయల్ సిస్టమ్ మాత్రం పాతదే! గొడవంతా అక్కడే.

ఊళ్లో బాగుండి ఘాట్‌లోనే ఎందుకు?

ఇంటి మేడ మీద ట్యాంకుకు నీళ్లెక్కించే మోటారును గుర్తు చేసుకోండి. మోటారు వీక్ అయితే కింది పోర్షన్‌లో ట్యాప్ ధారగానే వస్తుంది. మూడో అంతస్తుకు మాత్రం చుక్కలే. కింద చూసి 'మోటారు బాగుంది' అంటే తప్పే కదా. ఫ్యూయల్ పంపు సంగతీ అంతే. ఐడిల్‌లో ఇంజిన్‌కు కావాల్సిన పెట్రోల్ చాలా తక్కువ. సగం పాడైన పంపు కూడా ఆ మాత్రం ఇచ్చేస్తుంది. అసలు పరీక్ష ఫుల్ లోడ్‌లోనే.

నర్సీపట్నం సముద్ర మట్టానికి వంద మీటర్ల ఎత్తు కూడా ఉండదు. లంబసింగి సుమారు వెయ్యి మీటర్ల ఎత్తులో ఉంటుంది. మైదానంలో ఓవర్‌టేక్ కోసం ఫుల్ యాక్సిలరేటర్ నొక్కితే అది పది సెకన్ల ముచ్చట. ఘాట్‌లో నలుగురు మనుషులు, లగేజీతో రెండో గేరులో నిమిషాల తరబడి ఇంజిన్ లోడ్ మీదే ఉంటుంది. పది సెకన్లలో బయటపడని లోపం అక్కడ బయటపడుతుంది.

దీనికి చలి తోడవుతుంది. లంబసింగికి టూరిస్టులు పోటెత్తేది చలికాలం తెల్లవారుజామునే. 35 డిగ్రీల గాలితో పోలిస్తే 5 డిగ్రీల గాలి దాదాపు 10 శాతం చిక్కగా ఉంటుంది. అంటే అదే బూస్ట్‌కు ఇంకా ఎక్కువ ఆక్సిజన్, దానికి ఇంకా ఎక్కువ పెట్రోల్ కావాలి. మే నెల ఎండలో మైదానంలో సెట్టింగ్ చేయించి 'అంతా బాగుంది' అనుకున్న కారు, డిసెంబర్ తెల్లవారుజామున ఘాట్ మొదట్లోనే తడబడటానికి ఇదొక కారణం.

మొదట తేల్చాల్సింది: ఇది ఫ్యూయల్ సమస్యేనా?

లోడ్‌లో జర్కు వచ్చిందంటే పెట్రోల్ అందట్లేదనే అర్థం కాదు. అచ్చం ఇలాగే కనిపించే సమస్యలు ఇంకో మూడు ఉన్నాయి. పంపు కొనడానికి డబ్బు ఖర్చు పెట్టే ముందు వీటిని పక్కన పెట్టాలి.

స్పార్క్ ఆరిపోవడం: సిలిండర్‌లో ఒత్తిడి పెరిగితే ప్లగ్ మొనల మధ్య నిప్పురవ్వ దూకడం కష్టం. మామూలు కారుకు 1 మిల్లీమీటర్ దాకా ఉండే ప్లగ్ గ్యాప్‌ను టర్బో కార్లలో 0.7, 0.8 మిల్లీమీటర్లకు తగ్గిస్తుంటారు. పాత ప్లగ్‌లు, పాత కాయిల్ అలాగే ఉంచి టర్బో పెడితే బూస్ట్ రాగానే మిస్ కొడుతుంది.

గాలి లీక్: టర్బో నుంచి ఇంజిన్ వరకు ఉన్న గొట్టాల్లో ఏదైనా క్లిప్పు వదులైతే లోడ్‌లో 'సుయ్'మనే శబ్దం వస్తుంది. బూస్ట్ మీటర్‌లో అంకె కూడా పెరగదు.

క్లచ్ జారడం: ఇంజిన్ ఆర్‌పీఎం పైకి పోతుంది కానీ స్పీడ్ పెరగదు. ఇక్కడ జర్కు ఉండదు, ఒట్టి అరుపే. పెరిగిన పవర్‌ను పాత క్లచ్ మోయలేకపోతే ఇలా అవుతుంది.

ఈ మూడూ బాగానే ఉండి, బూస్ట్ మీటర్‌లో ఒత్తిడి పెరుగుతున్న కొద్దీ బండి చచ్చుబడుతోందంటే, అప్పుడు ఫ్యూయల్ లైన్ వైపు వెళ్లాలి.

ఊహించొద్దు.. గేజ్ పెట్టి చూడండి

ఫ్యూయల్ ఇంజెక్షన్ ఉన్న చాలా పెట్రోల్ కార్లలో లైన్ ఒత్తిడి 3 బార్ దరిదాపుల్లో ఉంటుంది. మీ మోడల్‌కు ఎంత ఉండాలో సర్వీస్ మాన్యువల్‌లో ఉంటుంది. ఇక్కడ తెలుసుకోవాల్సిన ముఖ్యమైన పాయింట్ ఒకటుంది. ఇంజెక్టర్ నుంచి ఎంత పెట్రోల్ బయటికి వస్తుందనేది లైన్ ఒత్తిడి ఒక్కదాని మీదే ఆధారపడదు. లైన్‌లోని ఒత్తిడికీ, బయట మేనిఫోల్డ్‌లోని ఒత్తిడికీ మధ్య తేడా ఎంతన్నదే లెక్క.

ఉదాహరణకు లైన్‌లో 3 బార్ ఉంది. మేనిఫోల్డ్‌లో టర్బో 0.5 బార్ ఒత్తిడితో ఎదురు తోస్తోంది. అప్పుడు మిగిలేది 2.5 బార్ మాత్రమే. అంటే ఎక్కువ పెట్రోల్ కావాల్సిన టైంలోనే ఇంజెక్టర్ ఇచ్చేది దాదాపు 9 శాతం తగ్గిపోతుంది. ఇది జరగకుండా ఉండాలంటే బూస్ట్ ఎంత పెరిగితే లైన్ ఒత్తిడి కూడా అంతే పెరగాలి. 0.5 బార్ బూస్ట్‌కు గేజ్ 3.5 బార్ చూపించాలి. రెగ్యులేటర్‌కు మేనిఫోల్డ్ నుంచి వచ్చే సన్నటి రబ్బరు పైపు ఉండేది అందుకే. ఆ పైపు పగిలినా, ఊడినా, బిగించడం మర్చిపోయినా కథ అక్కడే అడ్డం తిరుగుతుంది. వంద రూపాయల పైపు కోసం కొత్త పంపు కొనేస్తుంటారు!

కొన్ని కార్లలో రెగ్యులేటర్ ట్యాంకులోనే పంపుతో కలిసి ఉంటుంది. ఇంజిన్ నుంచి ట్యాంకుకు రిటర్న్ పైపు ఉండదు. అలాంటి చాలా కార్లలో లైన్ ఒత్తిడి బూస్ట్‌తో పాటు పెరగదు. వాటికి టర్బో బిగించాలంటే ఫ్యూయల్ సిస్టమ్‌నే మార్చాలి, లేదా ఆ లోటు పూడ్చేలా పెద్ద ఇంజెక్టర్లు పెట్టి ఈసీయూ ట్యూనింగ్ చేయించాలి.

గేజ్‌తో నాలుగు రీడింగులు తీసుకోవాలి. రెగ్యులేటర్‌కు మేనిఫోల్డ్ పైపు ఉన్న కార్లలో అవి ఇలా ఉంటాయి.

ఒకటి, తాళం ఆన్ చేసి ఇంజిన్ స్టార్ట్ చేయకముందు: పంపు రెండు సెకన్లు తిరిగి ఆగుతుంది. ఒత్తిడి 3 బార్ దగ్గరికి వచ్చి నిలబడాలి.

రెండు, ఐడిల్‌లో: మేనిఫోల్డ్‌లో వాక్యూమ్ ఉంటుంది కాబట్టి గేజ్ 2.4, 2.5 బార్ దగ్గర కనిపించడం మామూలే. తక్కువగా ఉందని కంగారు పడక్కర్లేదు.

మూడు, ఐడిల్‌లోనే రెగ్యులేటర్ వాక్యూమ్ పైపు ఊడదీసి, దాని చివర మూసినప్పుడు: మళ్లీ 3 బార్‌కు పెరగాలి. పెరగకపోతే ముందు రెగ్యులేటర్‌ను అనుమానించాలి.

నాలుగు, అసలైనది, రోడ్డు మీద లోడ్‌లో: బూస్ట్‌తో పాటు ముల్లు పైకి వెళ్లాలి, పైనే నిలబడాలి. ఎక్కకుండా ఆగిపోయినా, ఎక్కి కిందికి జారినా దొంగ దొరికినట్టే.

జాగ్రత్త: గేజ్ కనిపించడం కోసం పెట్రోల్ పైపును కారు లోపలికి అస్సలు తీసుకురావద్దు. సెన్సర్ ఇంజిన్ దగ్గర ఉండి, వైరు మాత్రమే లోపలికి వచ్చే ఎలక్ట్రిక్ గేజ్ వాడాలి. నడిపే మనిషి రోడ్డే చూడాలి. పక్కన కూర్చున్న మనిషి ముల్లు చూడాలి, వీలైతే వీడియో తీయాలి. తర్వాత స్లో మోషన్‌లో చూస్తే ఒత్తిడి ఏ క్షణంలో పడిందో తెలిసిపోతుంది.

ఒత్తిడి ఎలా పడిపోయింది? అదే లోపం అడ్రస్ చెబుతుంది

నొక్కిన వెంటనే బాగుండి, నాలుగైదు సెకన్లకు మెల్లగా పడిపోతే: ఫిల్టర్ మూసుకుపోవడం, ట్యాంకులో పంపు కింద ఉండే జల్లెడకు చెత్త పట్టడం, లేదా పంపు కెపాసిటీ చాలకపోవడం. ముందు ఫిల్టర్ మార్చండి. అన్నింటికంటే చవకైన పని అదే.

బూస్ట్ పెరుగుతున్నా 3 బార్ దగ్గరే ఆగిపోతే: రెగ్యులేటర్, లేదా దాని పైపు.

అరగంట నడిచాకే మొదలైతే: వేడెక్కిన పంపు, లేదా టర్బో పక్క నుంచి వెళ్లే పైపులో పెట్రోల్ ఆవిరి కావడం. ట్యాంకు మూత తీసి చూడండి. 'సుస్'మని గాలి లోపలికి లాగిందంటే ట్యాంకు ఊపిరి పైపు మూసుకుపోయినట్టు. పెట్రోల్ తగ్గిన కొద్దీ ట్యాంకులో వాక్యూమ్ పెరిగి పంపును వెనక్కి లాగుతుంది.

ఏటవాలులో, మలుపుల్లో మాత్రమే పడిపోతే: ట్యాంకులో పెట్రోల్ తక్కువగా ఉందేమో చూడండి. ఎక్కేటప్పుడు పెట్రోల్ ట్యాంకు వెనక్కి చేరుతుంది, హెయిర్‌పిన్ మలుపులో పక్కకు వాలుతుంది. పంపు జల్లెడ ఒక్క క్షణం గాలి పీల్చినా లైన్ ఒత్తిడి కుప్పకూలుతుంది. సగం ట్యాంకు నింపి అదే రోడ్డులో మళ్లీ చూస్తే ఈ అనుమానం తీరిపోతుంది.

ఒత్తిడి ఎక్కడా పడకపోయినా మిశ్రమం పలచబడితే: పంపు తప్పు కాదు. ఇంజెక్టర్ సైజు చాలట్లేదు, లేదా ఈసీయూ అంత పెట్రోల్ ఇవ్వమని ఆర్డరే ఇవ్వట్లేదు.

ఈ చివరిది చాలామంది మర్చిపోయే పాయింట్. కంపెనీ నుంచి టర్బో లేకుండా వచ్చిన కార్లలో మేనిఫోల్డ్ ఒత్తిడి కొలిచే సెన్సర్ దాదాపు 1 బార్ వరకే చదవగలదు. ఆ ఇంజిన్ అంతకంటే ఎక్కువ ఒత్తిడి ఎప్పుడూ చూడదు కాబట్టి కంపెనీ ఇచ్చిందీ అంతే. టర్బో 1.5 బార్ తోస్తున్నా ఈసీయూకు కనిపించేది 1 బారే. 'ఇంత చాలు' అని పాత లెక్క ప్రకారమే ఇంజెక్టర్ తెరుస్తుంది. అలాంటప్పుడు ఎంత పెద్ద పంపు పెట్టినా ఫలితం ఉండదు. సెన్సర్, ఈసీయూ ప్రోగ్రామ్ రెండూ మార్చాల్సిందే.

కార్బురేటర్ ఉన్న పాత కార్లలో ఇంకో చిక్కు. వాటి పంపు ఇచ్చే ఒత్తిడి 0.2, 0.3 బార్ మాత్రమే. టర్బో గాలి కార్బురేటర్ గుండా 0.5 బార్‌తో తోస్తుంటే, పెట్రోల్ కార్బురేటర్ గిన్నెలోకి దిగడానికే దారి ఉండదు. గిన్నెలో ఉన్నది అయిపోగానే బండి ఆగిపోతుంది. బూస్ట్‌తో పాటు ఒత్తిడి పెంచే పంపు, రెగ్యులేటర్ సెట్ లేకుండా ఇది పరిష్కారం కాదు.

పంపు మార్చే ముందు వైరు చూడండి

పంపు కూడా ఒక కరెంటు మోటారే. వోల్టేజ్ తగ్గితే దాని స్పీడు తగ్గుతుంది, పెట్రోల్ తగ్గుతుంది. ఇంజిన్ నడుస్తున్నప్పుడు బ్యాటరీ దగ్గర 13.5 నుంచి 14 వోల్టులు ఉందనుకుందాం. పంపు కనెక్టర్ దగ్గర 12 మాత్రమే ఉంటే మధ్యలో ఎక్కడో తినేస్తున్నట్టు. తుప్పు పట్టిన ఎర్త్ పాయింట్, నల్లబడిన రిలే కాళ్లు, సన్నటి పాత వైరు.. వీటిలో ఏదో ఒకటి. తేడా అర వోల్టు దాటితే వెతకాల్సిందే.

కొత్తగా పెద్ద పంపు వేసి పాత సన్న వైరుకే కలిపితే ఇంకా ప్రమాదం. ఎక్కువ కరెంటు లాగి వైరు వేడెక్కుతుంది. అది కూడా పెట్రోల్ ట్యాంకు దగ్గర! పెద్ద పంపుకు బ్యాటరీ నుంచి వేరే లావు వైరు, సొంత ఫ్యూజు, సొంత రిలే ఉండాలి. మల్టీమీటర్‌తో ఐదు నిమిషాల్లో అయ్యే ఈ చెక్ చాలా పంపులను కాపాడుతుంది.

మొబైల్‌తో ఎంతవరకు తెలుస్తుంది?

ఓబీడీ పోర్టు ఉన్న కార్లకు బ్లూటూత్ స్కానర్ పెట్టి ఫోన్‌లో చూసుకునే యాప్‌లు ఉన్నాయి. అందులో 'ఫ్యూయల్ ట్రిమ్' అనే అంకెను గమనించండి. ప్లస్, మైనస్ 10 శాతం లోపు ఉంటే సాధారణంగా ఇబ్బంది లేదు. ప్లస్ 20 దాటితే పెట్రోల్ తక్కువవుతోందని ఈసీయూ మొత్తుకుంటున్నట్టు. పీ0171 కోడ్ వస్తే మిశ్రమం పలచబడిందని, పీ0087 వస్తే ఫ్యూయల్ లైన్‌లో ఒత్తిడి తక్కువని అర్థం.

అయితే ఒక మెలిక ఉంది. ఫుల్ లోడ్‌లో చాలా ఈసీయూలు ఈ సవరణను పక్కన పెట్టి ముందే రాసుకున్న లెక్కతో నడుస్తాయి. అంటే ప్రమాదం ఉన్న చోటే ఈ అంకె పనికిరాదు. కంపెనీ ఇచ్చే మామూలు ఆక్సిజన్ సెన్సర్ కూడా 'చిక్కగా ఉంది, పలచగా ఉంది' అని మాత్రమే చెబుతుంది, ఎంత అన్నది చెప్పదు. అందుకే టర్బో బిగించిన పెట్రోల్ కారుకు వైడ్‌బ్యాండ్ సెన్సర్, దాని మీటర్ తప్పనిసరి. లోడ్‌లో అది 12 దగ్గర ఉండాల్సింది 13, 14 వైపు పోతోందంటే వెంటనే కాలు తీసేయాలి. ఇంకోసారి ట్రై చేద్దాం అనుకోకూడదు.

ఈ20 పెట్రోల్ ఎఫెక్ట్ ఉందా?

20 శాతం ఇథనాల్ కలిపిన ఈ20 పెట్రోల్ అమ్మకాలు దేశంలో 2023 ఫిబ్రవరిలో మొదలయ్యాయి. ఇథనాల్‌లోనే ఆక్సిజన్ ఉంటుంది కాబట్టి అదే గాలికి పెట్రోల్ ఎక్కువ కావాలి. ఇథనాల్ లేని పెట్రోల్‌కు 14.7గా ఉండే నిష్పత్తి ఈ20కి దాదాపు 13.5కు తగ్గుతుంది. అంటే ఇంజెక్టర్, పంపు రెండింటి మీదా అదనపు భారం. ఇప్పటికే అంచున నడుస్తున్న టర్బో సెటప్‌కు ఆ కొంచెమే ఎక్కువవుతుంది. పాత పెట్రోల్‌తో చేసిన ట్యూనింగ్ ఉంటే మళ్లీ చెక్ చేయించాలి.

ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది. పాత కార్ల రబ్బరు పైపులను మెత్తబరచవచ్చు, ట్యాంకులో ఏళ్లుగా పేరుకున్న మడ్డిని కదిలించి ఫిల్టర్‌కు చేర్చవచ్చు. పాత కారైతే ఫిల్టర్‌ను ముందుగానే మార్చుకోవడం మంచిది.

డీజిల్ జీపు అయితే లెక్క రివర్స్!

నర్సీపట్నం నుంచి ఏజెన్సీ వైపు తిరిగే జీపుల్లో పాత డీజిల్ ఇంజిన్లు ఇప్పటికీ కనిపిస్తాయి. ఇలాంటి ఇంజిన్లకూ టర్బో బిగించేవాళ్లు ఉన్నారు. పెట్రోల్ కారుకు చెప్పిన సూత్రం వీటికి పనికిరాదు. పెట్రోల్ ఇంజిన్‌లో ఇంధనం తగ్గితే ప్రమాదం. డీజిల్‌లో తగ్గితే పవర్ తగ్గుతుందంతే, ఇంజిన్‌కు వెంటనే ముప్పు లేదు. డీజిల్‌లో ప్రమాదం ఇంధనం ఎక్కువైతేనే. పవర్ కోసం పంపు స్క్రూ తిప్పి డీజిల్ పెంచితే పొగ వేడి పెరిగిపోయి పిస్టన్, టర్బో రెండూ పోతాయి.

డీజిల్ బండిలో పొగే చాలా విషయాలు చెబుతుంది. లోడ్‌లో నల్ల పొగ దట్టంగా వస్తే డీజిల్ ఎక్కువ, గాలి తక్కువ. ఎయిర్ ఫిల్టర్, టర్బో గొట్టాల లీక్, పంపు సెట్టింగ్ చూడాలి. బండి లాగట్లేదు, పొగ కూడా లేదు అంటే డీజిల్ అందట్లేదు. ఫిల్టర్, ఫీడ్ పంపు జల్లెడ, ట్యాంకు ఊపిరి పైపు, ఫిల్టర్ అడుగున చేరిన నీళ్లు చూడాలి. స్టార్ట్ కావడం కష్టమై, తెల్ల పొగతో ఆగి ఆగి నడిస్తే లైన్‌లోకి గాలి చేరి ఉండొచ్చు. ఫిల్టర్ ముందు కొద్దిసేపు పారదర్శకమైన పైపు పెట్టి చూస్తే బుడగలు కంటికే కనిపిస్తాయి.

కొత్త కామన్‌రైల్ డీజిల్ బండ్ల జోలికి మాత్రం ఇంటి దగ్గర వెళ్లొద్దు. వాటి లైన్‌లో ఒత్తిడి వెయ్యి బార్ దాటి ఉంటుంది. లీక్ ఎక్కడుందా అని చేయి పెడితే డీజిల్ చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. బయటికి చిన్న చుక్కలా కనిపించినా అది ఆపరేషన్ దాకా వెళ్లే గాయం.

అసలు భయం ఇంజిన్ గురించి కాదు

ఇంజిన్ పోతే డబ్బు పోతుంది. ఘాట్ మలుపులో బండి ఆగిపోతే విషయం వేరే. ఇంజిన్ ఆగిన తర్వాత బ్రేక్ బూస్టర్‌లో మిగిలిన వాక్యూమ్ ఒకటి రెండు నొక్కులకే సరిపోతుంది. తర్వాత పెడల్ రాయిలా గట్టిపడుతుంది, స్టీరింగ్ బరువెక్కుతుంది. కంగారులో పెడల్‌ను పదే పదే కొట్టకూడదు. ఒక్కసారి గట్టిగా నొక్కి పట్టి, బండి నిలబడగానే హ్యాండ్ బ్రేక్ వేసి, ఇండికేటర్లు నాలుగూ వేసి, చక్రాల కింద రాళ్లు పెట్టాలి.

రెండోది మంట. లోడ్‌లో టర్బో వేడి భాగం 700 డిగ్రీలు దాటగలదు. పెట్రోల్ ఆవిరి తనంతట తాను అంటుకోవడానికి 300 డిగ్రీల లోపే చాలు. ఒత్తిడి తట్టుకోలేని మామూలు రబ్బరు పైపు, వదులు క్లిప్పు టర్బో పక్కనే ఉంటే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. ఫ్యూయల్ ఇంజెక్షన్ ఒత్తిడికి తయారు చేసిన పైపులు, క్లిప్పులే వాడాలి. టర్బోకు దూరంగా తిప్పాలి, మధ్యలో వేడిని ఆపే రేకు ఉండాలి. పెట్రోల్ వాసన వస్తే 'తర్వాత చూద్దాం' అనే మాటే వద్దు.

లైన్ విప్పే ముందు కూడా ఒక పద్ధతి ఉంది. ఇంజిన్ పూర్తిగా చల్లారాలి. పంపు ఫ్యూజు తీసి, ఇంజిన్ తనంతట తాను ఆగేదాకా నడిపితే లైన్ ఒత్తిడి దిగుతుంది. బ్యాటరీ వైరు తీయాలి. గాలి ఆడే చోటే పని చేయాలి. చేతికి అందేంత దూరంలో మంటలార్పే సిలిండర్ ఉండాలి.

చట్టం ఏం చెబుతోంది?

మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం, కంపెనీ ఇచ్చిన అసలు స్పెసిఫికేషన్లకు, రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే స్పష్టం చేసింది. 2019లో చట్టానికి చేసిన సవరణతో వచ్చిన సెక్షన్ 182ఏ ప్రకారం, అనుమతి లేని మార్పు చేసిన యజమానికి ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పడొచ్చు. ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ క్లెయిమ్‌లోనూ ఇదే అడ్డం పడుతుంది. కాబట్టి టర్బో బిగించాలన్న ఆలోచన ఉంటే ముందు రవాణా శాఖ ఆఫీసులో కనుక్కోవాలి. ఇప్పటికే బిగించి ఉంటే, దానితో పబ్లిక్ రోడ్డు ఎక్కడమే రిస్క్ అని గుర్తుంచుకోవాలి. పైన చెప్పిన పరీక్షల్లో చాలావరకు కంపెనీ నుంచే టర్బోతో వచ్చిన కార్లకూ, టర్బో లేని మామూలు కార్లకూ పనికొస్తాయి. అయితే డైరెక్ట్ ఇంజెక్షన్ టర్బో పెట్రోల్ కార్లలో హై ప్రెజర్ లైన్‌ను షోరూమ్‌లోనే చూపించాలి.

ఒక్కసారి గుర్తు పెట్టుకోండి

➤ జర్కు ఎప్పుడు వస్తోందో రాసుకోండి: ఐడిల్‌లోనా, లోడ్‌లోనా, వేడెక్కాకా, ఏటవాలులోనా.

➤ ప్లగ్‌లు, గాలి గొట్టాలు, క్లచ్ ముందు తేల్చేయండి.

➤ ఫిల్టర్, రెగ్యులేటర్ పైపు, వోల్టేజ్.. చవకైనవి మొదట. పంపు, ఇంజెక్టర్లు చివర.

➤ ఒత్తిడిని లోడ్‌లోనే కొలవండి. ఐడిల్ రీడింగ్ చూసి 'పంపు బాగుంది' అనకండి.

➤ లోపం తేలేదాకా బూస్ట్ పెంచకండి. వీలైతే తగ్గించండి. ఆ బండితో ఘాట్ ఎక్కకండి.

➤ ఒక్కోసారి ఒక్క పార్టే మార్చి చూడండి. మూడూ ఒకేసారి మారిస్తే ఏది తప్పో ఎప్పటికీ తెలియదు.

టర్బో ఇచ్చేది గాలి మాత్రమే. ఆ గాలిని పవర్‌గా మార్చేది ట్యాంకు నుంచి ఇంజెక్టర్ దాకా ఉన్న లైన్. బండి లాగనప్పుడు బూస్ట్ స్క్రూ మీద చేయి పడే ముందు, గేజ్ మీద కన్ను పడాలి. చింతపల్లి రోడ్డు ఎక్కాలనుకునే వాళ్లకు అదే సేఫ్.

గమనిక: ఇది అవగాహన కోసం ఇచ్చిన సమాచారం మాత్రమే. ఫ్యూయల్ లైన్ విప్పే పనులు అనుభవం ఉన్న మెకానిక్‌తోనే చేయించుకోండి.